ఓడ గదిలో మూడవ పడక
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉగాది సభలలో భాషను గురించో, పూర్వకవులను గురించో ప్రసంగించడం ఆచారం. ఈ ఏడు కార్యవర్గమువారు మమ్ములను ఓడ గదిలోని పడకలను గురించి మాట్లాడమన్నారు. వినగానే మాకు నవ్వు వచ్చింది. కాని కారణం తెలిసిన తరువాత ఇది నవ్వి పోగొట్టుకోదగిన విషయం కాదని తోచింది. 2022 జూన్‌లో ఈ చెన్నపట్నం రేవునుంచి విశాఖకు విహారనౌక నడిచింది. 2023లో విశాఖలో అటువంటి నౌకల కోసమే ప్రత్యేకంగా ఒక ప్రయాణికుల కేంద్రం తెరిచారు. విదేశాలలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు తల్లిదండ్రులను పిలిపించుకొని అక్కడి నౌకలలో తిప్పి చూపిస్తున్నారు. ఇక మన ఇళ్లలో సముద్రయానపు మాట ఎత్తితే అందరి నోటా వచ్చే మొదటి ప్రశ్న ఒక్కటే: "ఒక్క గదిలో ఎంతమందిమి సర్దుకోవచ్చు?"

ఈ 'సర్దుకోవడం' అనే మాట మన జాతికి పెట్టని ఆభరణం. పెళ్లివారింట హాలునిండా జంబుఖానా పరిచి ఇరవైమంది పడుకోగలరు. ఇద్దరు కూర్చునే బల్లమీద నలుగురిని కూర్చోబెట్టి, అయిదవవారికి "రండి, రండి" అని చోటు చూపగలము. పరాయి భాషల నడుమ తరతరాలుగా కాపురాలు చేస్తున్నామంటే ఆ సర్దుబాటే కారణం. అయితే ఓడలో ఏది సర్దుబాటుకు లొంగుతుంది, ఏది లొంగదు, సర్దుకొనే భారం ఎవరిమీద పడుతుంది అనే మూడు సంగతులు ముందుగా తెలిసి ఉండాలి. ఆ మూడింటినే ఈ పూట మనవి చేస్తాము.

ఓడలో ఇరుకు మన పెద్దలకు కొత్త కాదు. ఒకప్పుడు గోపాలపురం, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం, కాకినాడ రేవులనుంచి మనవారు వేలకు వేలుగా రంగూనుకు పోయేవారు. బర్మావారు మన తెలుగువారిని 'కొరంగీలు' అని పిలిచేవారు. యానాముకు పక్కనే ఉన్న కోరంగి రేవు పేరే ఆ పిలుపుకు మూలం. వారిలో అధిక సంఖ్యాకులకు గది లేదు, పడక లేదు. వారు డెక్కు ప్రయాణికులు. చాప పరుచుకొన్న మేరకే వారి ఇల్లు. ఆ చాపమీదనే తిండి, నిద్ర, వాంతి, ప్రార్థన అన్నీ. 1941 చివర జపానువారు బర్మామీద పడేదాకా ఆ రాకపోకలు సాగినవి.

ఈ చెన్నపట్నం రేవునుంచి నాగపట్నం మీదుగా పినాంగు, సింగపూరులకు 'రజులా' అనే పొగ ఓడ నడిచేది. 1926లో కట్టిన ఓడ అది. 5,000 మందికి పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకొనుటకు దానికి అనుమతి ఉండేదంటే ఈనాటి పిల్లలు నమ్మరు. అంతమందికి పడకలు ఎక్కడివి? పడకలు లేవు. చోటు మాత్రం కొలిచి ఇచ్చేవారు. పడక లేని ప్రయాణికులకు తలకు ఇంత చోటు ఉండాలని 1931లో సిమ్లా నిబంధనలని కొన్ని ఏర్పడినవి. తరువాత 1971లో దేశాల మధ్య ప్రత్యేకంగా ఒక ఒప్పందం కుదిరింది. అనగా, మనిషికి పడక ఇవ్వకపోయినా లెక్క మాత్రం ఉండి తీరాలని ఆ రోజుల్లోనే ప్రపంచం గ్రహించినది. తరువాత వచ్చిన 'చిదంబరం' ఓడ 1985లో అగ్నిప్రమాదం పాలైన పిమ్మట చెన్నపట్నం, సింగపూరుల మధ్య ఆ కాలపు ప్రయాణం ముగిసింది.

ఈ పాత కథ చెప్పుటకు కారణమున్నది. ఆ చాప బతుకు తెలిసిన ఇళ్లలోని పెద్దవారు ఈనాటి ఓడ గదిని చూసి, "ఇంత చోటు ఉంటే పదిమంది పడుకోవచ్చునే!" అంటారు. వారు చోటును కొలుస్తున్నారు. ఓడవారు కొలిచేది చోటును కాదు.

ముందు గదిని చూద్దాము. సాధారణమైన విహారనౌకలో తక్కువ ధర గది 150 మొదలు 180 చదరపు అడుగులు ఉంటుంది. స్నానాల గది కూడ అందులోనే. రెండు కింది పడకలుంటవి. వాటిని కలిపితే దంపతుల మంచం, విడదీస్తే ఒంటరి మంచాలు. ఓడ సామర్థ్యం చెప్పేటప్పుడు గదికి ఇద్దరు చొప్పున ఈ కింది పడకలనే లెక్క వేస్తారు. అందుచేతనే ఒక్కొక్కప్పుడు ఓడ నూటికి నూరు దాటి నిండినదని చెప్పుకుంటారు. ఆ నూరు దాటినవారే మన మూడవవారు, నాలుగవవారు. ఎక్కువభాగం పిల్లలు, లేదా తాత అవ్వలు.

వీరికి ఇచ్చే పడకలు నాలుగు విధాలు. మొదటిది, గోడలోనుంచో పైకప్పులోనుంచో దిగే పడక. దీనిని పుల్‌మన్ బెర్తు అంటారు. 19వ శతాబ్దంలో అమెరికాలో నిద్రపోయే రైలు పెట్టెలు కట్టించిన పుల్‌మన్ అనే ఆయన పేరే దానికి నిలిచిపోయింది. పగలు మూసి ఉంటుంది, రాత్రి దించుతారు. ఎక్కడానికి చిన్న నిచ్చెన ఉంటుంది. మన రైలులో పై బెర్తు ఎక్కినవారికి దీని స్వభావం చెప్పనక్కరలేదు. రెండవది, విప్పితే పడకయ్యే సోఫా. మూడవది, మంచం కిందినుంచి సొరుగువలె లాగే పడక. నాలుగవది, చంటిపిల్లలకు తెచ్చి వేసే చిన్న తొట్టి మంచం. కొన్ని నౌకలలో రోజూ సాయంకాలం భోజనాల వేళకు స్టీవార్డు వచ్చి వీటిని వేసి దుప్పటి పరిచి పోతాడు, ఉదయం వచ్చి మడిచి పెడతాడు.

ఈ నాలుగూ ఒక్కటి కావు. సోఫా పడక నేలకు దగ్గర, కాని పరుపు పలుచన. కొన్నింట ఇద్దరు పట్టేంత వెడల్పు, కొన్నింట ఒక్క పిల్లవాడికే. పై పడక మెత్తగానే ఉంటుంది గాని కింది మంచం కంటె వెడల్పు తక్కువ, పైన కూర్చుంటే తల తగులుతుంది. కొన్ని నౌకలలో పై పడకలు దించాలంటే కింది రెండు మంచాలను తప్పక విడదీయాలి. కింద పడుకున్నవారు గబాలున లేస్తే వారి నుదురుకు కూడ బహుమానమే. కాబట్టి "నలుగురికి గది" అని ఒక్క మాట విని డబ్బు కట్టరాదు. మూడవ పడక ఏది, నాలుగవ పడక ఏది అని విడివిడిగా అడగాలి. గది నెంబరు చెప్పి అడిగితే వారు తప్పక చెప్తారు.

ఇప్పుడు సర్దుబాటుకు లొంగని సంగతి. అది తలల లెక్క. 1912లో టైటానిక్ ఓడ మునిగిన కథ చిన్నపిల్లలకు కూడ తెలుసును. అందులో సుమారు 2,200 మంది ఉండగా లైఫ్‌బోట్లలో చోటు 1,178 మందికే. ఆ ఘోరం తరువాత 1914లో పలు దేశాలు కూడి సముద్రంమీద ప్రాణరక్షణకు ఒక ఒప్పందం చేసుకొన్నవి. తరువాత ఎన్నోమార్లు దానిని సవరించినా మూల సూత్రం ఒక్కటే: ఓడలో ఉన్న ప్రతి ప్రాణికి ప్రాణరక్షణ సాధనం ఉండి తీరాలి. ఓడకు ఇచ్చే పత్రంలోనే ఎందరిని ఎక్కించవచ్చునో రాసి ఉంటుంది. ఆ సంఖ్యకు మించి ఒక్కరిని కూడ ఎక్కించరాదు.

దీనివల్ల మనకు వింతగా తోచే రెండు పరిణామాలున్నవి. ఒకటి, గదిలో నాలుగు పడకలున్నా ఒక్కొక్కప్పుడు మూడవవారిని చేర్చము పొమ్మంటారు. ఆ గదివారికి కేటాయించిన లైఫ్‌బోటు అప్పటికే నిండినదన్నమాట. పడక ఖాళీగా కనబడుతుంటే మనకు కోపం వస్తుంది. కాని ఖాళీ లేనిది పడవలో. రెండవది, చంటిబిడ్డ కూడ ఒక తలే. "ఒళ్లో పడుకుంటుంది, పడక అక్కరలేదు" అంటే చెల్లదు. బిడ్డకు వేరే లెక్క, వేరే లైఫ్ జాకెట్టు. ప్రయాణికుల సంఖ్యలో కనీసం నూటికి 10 వంతున పిల్లలకు సరిపోయే జాకెట్లు ఓడలో ఉండాలని నిబంధన. ఆరు నెలలు నిండని బిడ్డను చాల నౌకలవారు అసలు ఎక్కించుకోరు. మహాసముద్రం దాటే దూర ప్రయాణాలకు ఏడాది నిండాలంటారు. కోడలు నీళ్లాడే రోజులు లెక్కపెట్టుకొంటూ టిక్కెట్లు కొనే అత్తగార్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బంధువును రాత్రికి మన గదిలో పడుకోబెట్టుకోవడం కూడ ఇటువంటిదే. పక్క గదిలోని మరిదిగారి పిల్లలు కబుర్లు చెప్పుకొంటూ మన గదిలో చాప వేసుకొని పడుకొంటామంటారు. ఇంట్లో అయితే ముచ్చటే. ఓడలో గంట మోగిన వేళ ఎవరు ఏ గదిలో ఉన్నారో తెలియాలి. చీకటిలో తలుపుకు, మంచానికి నడుమ నేలమీద మనిషి పడుకొని ఉంటే పై పడకమీదనుంచి దిగేవారి కాలు ఎవరిమీద పడుతుందో మీరే ఊహించుకోవచ్చు. మన ఇంటి నేలకు ఉన్న గౌరవం ఓడ గది నేలకు లేదు. అది నడిచే దారి, పారిపోయే దారి కూడాను.

2012 జనవరి 13న ఇటలీ తీరాన కోస్టా కాంకోర్డియా అనే విహారనౌక రాతికి కొట్టుకొని ఒరిగిపోగా 32 మంది మరణించారు. ఆ సాయంకాలం ఎక్కినవారికి ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపించే అభ్యాసం ఇంకా జరగనే లేదు. ఆ తరువాత నియమం మారి, 2015 నుంచి ఓడ బయలుదేరకముందే, లేదా బయలుదేరిన వెంటనే ఆ అభ్యాసం జరిపి తీరాలి. మనవారు దానిని తప్పించుకొని కాఫీ తాగుదామని చూస్తారు. అలా చేయరాదు. గదిలో నలుగురుంటే నలుగురూ పోవాలి. ఏ పిల్లవాడి చేయి ఎవరు పట్టుకోవాలో, అవ్వను ఎవరు నడిపించుకు పోవాలో ఆనాడే నిర్ణయించుకోవాలి.

ఇక అసలు విషయం. ఏ పడక ఎవరిది?

ఇక్కడ ఒక ఇంటి సంగతి పేరు చెప్పక మనవి చేస్తాము. దంపతులు, ఎనిమిదేళ్ల అమ్మాయి, అయిదేళ్ల అబ్బాయి, తాత, అవ్వ, మొత్తం ఆరుగురు. రెండు గదులు తీసుకొన్నారు, ఒకటి ఇద్దరికి, ఒకటి నలుగురికి. దంపతులు ఇద్దరి గదిలో, పిల్లలు పెద్దవారితో నలుగురి గదిలో అని ఏర్పాటు. వినడానికి బాగానే ఉన్నది. రాత్రి అయ్యేసరికి పైనుంచి రెండు పడకలు దిగినవి. అమ్మాయి ఉత్సాహంగా ఒకటి ఎక్కింది. అయిదేళ్లవాడిని పైన పడుకోబెట్టరాదు. ఆరేళ్లలోపు పిల్లలకు పై పడక తగదని చాలచోట్ల చెప్తారు. తాతకు మోకాళ్ల నొప్పులు. అవ్వ తన కింది మంచం మనుమడికి ఇచ్చి, "నాకేం నాయనా, రైల్లో రాత్రంతా కూర్చుని రాలేదూ, ఇదెంత!" అని కుర్చీలో కూర్చొని తెల్లవార్లూ కునికింది. కొడుక్కు మర్నాడు కాఫీ వేళకు గాని తెలియలేదు.

ఆమెను ఎవరూ కష్టపెట్టాలని అనుకోలేదు. అందరూ ప్రేమగలవారే. కాని ఒక పడక తక్కువైనప్పుడు మన ఇళ్లలో అడగకుండానే లేచేది అవ్వే, లేదా తల్లే. సర్దుబాటు అనే ఆ గొప్ప గుణాన్ని మనం జాతి గుణమంటున్నాము గాని, నిజానికి ఇంట్లో ఒకరిద్దరి నడుములమీద అది నిలబడి ఉన్నది. ఇంట్లో హాలుంది, వసారా ఉంది, పక్కింటివారు కూడ ఉన్నారు, కాబట్టి ఆ భారం కనబడదు. నాలుగు గోడల ఓడ గదిలో అది దాగదు.

ఆ ఇంటివారు మర్నాడు చేసినది చూడండి. దమ్మిడీ ఖర్చు లేదు. నౌకలోని కార్యాలయంలో చెప్పి తాళపు కార్డులు మార్పించుకొన్నారు. ఇద్దరి గది తాత అవ్వలకు ఇచ్చారు. నలుగురి గదిలో తల్లి, అయిదేళ్లవాడు కింద, తండ్రి, అమ్మాయి పైన. అవే రెండు గదులు, అవే ఆరు పడకలు. పట్టెడు ఆలోచన మాత్రం అదనం. మిగిలిన రాత్రులు అవ్వ హాయిగా నిద్రపోయింది.

దీనినిబట్టి ఒక క్రమం చెప్పవచ్చు. ముందు నిచ్చెన ఎక్కలేనివారిని లెక్కపెట్టండి. అనగా అరవై దాటి మోకాళ్ల నొప్పులున్నవారు, ఆరేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, రాత్రి రెండుమూడు మార్లు లేవవలసినవారు, తల తిరిగే మందులు వాడేవారు. వారికి సరిపడా కింది పడకలున్నవా? ఉంటే మిగిలినదంతా సులభం. లేకపోతే ఆ గది మీకు తగదు, ఎంత చవకైనా సరే. గదిలో ఎన్ని పడకలున్నవని కాదు, ఎన్ని కింది పడకలున్నవని అడగాలి. మా ప్రసంగంలో ఒక్క మాట గుర్తుంచుకోదలచినవారు దీనిని గుర్తుంచుకొంటే చాలు.

పై పడకలు ఎవరికి? పది దాటిన పిల్లలకు అది పండుగ. వారిద్దరుంటే వంతులు వేసుకొమ్మనండి. లేదా ఇంటి యజమాని ఎక్కాలి. ఇంటికి పెద్ద కనుక కింది మంచం తనదని పట్టుపట్టే మగవారున్నారు. నిచ్చెన ఎక్కితే వారి పెద్దరికం తగ్గదు, పైపెచ్చు రెండడుగులు పెరుగుతుంది.

ఖర్చు సంగతి. మూడవవారికి, నాలుగవవారికి ఛార్జీ సాధారణంగా తక్కువ ఉంటుంది. ఒక్కొక్కప్పుడు ఉచితమని కూడ ప్రకటిస్తారు. అయితే ఉచితమన్నది ఛార్జీ వరకే. రేవు పన్నులు తల ఒక్కింటికి కట్టాలి. చాల నౌకలలో పనివారికిచ్చే దినసరి రుసుము కూడ తలకు ఇంతని వసూలు చేస్తారు. కొన్నింట చంటిబిడ్డ పేర కూడ పడుతుంది. ఒంటరిగా గది తీసుకొన్నవారు తరచుగా ఇద్దరి ఛార్జీ కట్టుకోవలసి వస్తుంది. అందుచేత నలుగురికి ఒక గది, ఇద్దరేసికి రెండు గదులు అని రెండు లెక్కలూ కట్టి చూడండి. రెండు గదుల నడుమ తలుపున్నవి కూడ దొరుకుతవి. ధరలో తేడా ఉంటుంది, ఒప్పుకొంటాము. కాని రెండు స్నానాల గదులు వస్తవి. ఉదయం ఏడు గంటలకు ఆరుగురు ఒక్క తలుపు ముందు నిలబడి చూసినవారికి దాని విలువ తెలుస్తుంది. మూడు రాత్రుల ప్రయాణానికి ఒక్క గది చాలును. ఏడు రాత్రులైతే మాత్రం రెండవ గదికి డబ్బు కూడబెట్టుకొని, ఒక ఏడాది ఆలస్యంగా పోయినా నష్టం లేదని మా అభిప్రాయం.

నలుగురు ఒక గదిలో ఉన్నప్పుడు పాటించవలసినవి కొన్ని. పెట్టెలు ఖాళీ చేసి మంచాల కిందికి తోయాలి. రాత్రి స్టీవార్డు పడకలు వేసిన తరువాత నేల కనబడదు. అందుచేత మందులు, కళ్లద్దాలు, మరునాటి బట్టలు భోజనానికి పోకముందే తీసి పెట్టుకోవాలి. స్నానాల గది దీపం వెలిగించి తలుపు ఓరగా వేస్తే రాత్రి లేచేవారికి దారి కనబడుతుంది. గురక పెట్టేవారు కోపం తెచ్చుకోరాదు. వినేవారు చెవులలో దూది పెట్టుకోవాలి. తెల్లవారుజామున లేచి జపం చేసుకొనే పెద్దవారు పైన డెక్కుమీదకు పోతే సూర్యోదయం కూడ లభిస్తుంది. గదిలో మాత్రం దీపం, అగరువత్తి, కర్పూరం వెలిగించరాదు. నౌక గదులలో నిప్పు నిషిద్ధం. ఇస్త్రీ పెట్టె, నీళ్లు కాచే కరెంటు సామాను కూడ తేనివ్వరు. దేవుడికి పువ్వు, మనసు చాలును.

ఓడ ఊగితే తల తిరిగేవారికి నౌక మధ్యభాగంలో, కింది అంతస్తులలో ఉన్న గది మేలు. అక్కడ ఊపు తక్కువ. వాంతి వచ్చేవారిని పై పడక ఎక్కించవద్దు. కారణం వివరించనక్కరలేదు.

టిక్కెట్టు కొనేటప్పుడు కాగితంమీద రాసుకొని అడగవలసిన ప్రశ్నలు అయిదు. కింది పడకలెన్ని? మూడవది, నాలుగవది ఏ రకం? పై పడక దించితే కింది మంచాలు కలిపి ఉంచవచ్చునా? చంటిబిడ్డకు తొట్టి మంచం వేస్తే నడవడానికి చోటు మిగులుతుందా? పెద్దవారికి నిచ్చెనతో పని లేని ఏర్పాటు ముందుగానే రాసి ఇస్తారా? ఓడ ఎక్కిన తరువాత అడిగితే స్టీవార్డు నవ్వి తల ఊపుతాడు గాని లేని మంచం తేలేడు.

మిత్రులారా! చాపమీద రంగూనుకు పోయిన తాతల మనుమలు మనము. వారికి ఆ చోటు తప్ప మరొక చోటు దొరకలేదు. వారు కూలికి పోయారు, మనం విహారానికి పోతున్నాము. అంత కష్టపడిన తరం మిగిల్చిన ముసలివారిని వెంటపెట్టుకొని సముద్రం చూపించాలన్న కోరిక మన పిల్లలకు కలిగినందుకు ఎంతో సంతోషించాలి. ఆ సంతోషంలో ఒక్క చిన్న సంగతి మరువకూడదు. వారిని ఓడ ఎక్కించడం సగం ముచ్చట, రాత్రి వారి వీపుకు మంచం తగిలిందో లేదో చూడడం మిగిలిన సగం. "నాకేం, నేను ఎక్కడైనా పడుకుంటాను" అన్నవారికే మొదటి మంచం ఇవ్వండి.

ఈ కొత్త సంవత్సరంలో మీ ప్రయాణాలన్నీ క్షేమంగా, మీ నిద్రలన్నీ గాఢంగా సాగాలని కోరుకొంటున్నాము.